వరస పుస్తకంలో కులం ఉండొద్దు
(సెలూన్లు, కుట్టుషాపులు పెట్టుకున్న దళిత యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మా తాతలు క్షవరానికి ఊళ్లోకి పోతే అరుగు ఎక్కనిచ్చేవాళ్లు కాదు. మంగలి అన్న మీద మాకు కోపం లేదు. ఆయన చేయి పట్టి ఆపింది పెత్తందారులు. "మాలమాదిగలకు గీస్తే మా గడప తొక్కొద్దు" అన్నారు. అందరికీ ఒక వరస ఉండేది, మనకు వరసే లేదు.

1948 నవంబరులో రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ తేల్చి చెప్పారు: అంగడి అంటే సరుకులు అమ్మే చోటే కాదు, అడిగినవాళ్లకు సేవ చేసే ప్రతి చోటూ అంగడే అని. అంటరానితనం పేరుతో సేవ నిరాకరిస్తే నేరమని 1955 నాటి చట్టం చెప్పింది.

ఇవాళ కుర్చీ మనది, కత్తెర మనది. మరి వరస ఎవరిది?

ఆదివారం పొద్దున బల్ల నిండా జనం. నలుగురు విసిగి వెళ్లిపోతారు. మధ్యాహ్నం మూడింటికి వస్తానన్నాయన రాడు. కుర్చీ ఖాళీ. అద్దె మాత్రం ఖాళీ కుర్చీకీ పడుతుంది. ఆ నలుగురి పేర్లు రాసుకుని ఉంటే ఒక్క ఫోనుతో కుర్చీ నిండేది.

అందుకే ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, ఫోను నంబరు, పని ఏమిటి, ఏ వేళకు రాగలరు - ఈ నాలుగూ రాయండి. అరగంట ఖాళీలో గంట పట్టే పనికి పిలిస్తే వెనకాయన ఆగాలి. టైము తీసుకున్నవాళ్లను ముందురోజు సాయంత్రమే అడగండి. రామంటే పుస్తకంలో మొదటివారికి ఫోను చెయ్యండి. పది నిమిషాలు చూసి రెండోవారికి. ఎత్తనివాళ్ల పేరు కొట్టెయ్యొద్దు, పనిలో ఉండి ఉంటారు. ఖాళీ అయితేనే పిలుస్తామని ముందే చెప్పండి. కుట్టుషాపు అక్కలూ అంతే. పండగ ముందు కుదరదని తిప్పిపంపకండి, పేరు రాసుకోండి. గుడ్డ తెస్తామన్నవాళ్లలో ఎవరో ఒకరు తేరు.

కూలికి పోయే మనిషికి పగలు ఫోను ఎత్తే వీలుండదు. కొందరికి ఫోనే లేదు. సాయంత్రం చివరి గంట వాళ్లకు ఉంచండి. లేకపోతే మన పుస్తకమే మన వాడను వెలేస్తుంది.

ఇంకో మాట. ఒకరిని "దొరగారు" అని, ఇంకొకరిని "ఎంకడు" అని రాయొద్దు. అందరికీ గారే.

పెద్దమనిషి కొడుకు వచ్చి నేరుగా కుర్చీలో కూచుంటాడు. మన చేయి వణుకుతుంది. అది తరాల భయం, సిగ్గుపడొద్దు. పుస్తకం చూపండి. "మీ ముందు ముగ్గురున్నారండీ, కూచోండి, పిలుస్తాం" అనండి. ఆ గిరాకీ పోవచ్చు, పోదని మేము అబద్ధం చెప్పం. కానీ బల్ల మీది ముగ్గురూ అది చూస్తారు. మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

మన బావ వచ్చినా అదే వరస. సంఘం పేరు చెప్పుకుని మేమొచ్చినా అంతే. మమ్మల్నీ బల్ల మీద కూచోబెట్టండి.

జై భీమ్!