తొలి ఫ్లాష్ కొనేముందు

కొత్త కెమెరా కొన్నారు. కంపెనీ ఫ్లాష్ ధర వింటే గుండె గుభేలుమంటుంది. గోడాక్స్ లాంటి బ్రాండ్లవి చాలా తక్కువలో వస్తాయి, నిశ్చింతగా తీసుకోవచ్చు.

అయితే మీ కెమెరా మోడల్ చెప్పి మరీ అడగండి. కేనన్ 1500డి ఉందా? ఫ్లాష్ బిగించే చోట దానికి మధ్య పిన్ను ఉండదు. మామూలు మాన్యువల్ ఫ్లాష్ దానిపై వెలగదు. వరంగల్‌లో కొన్నా, హన్మకొండలో కొన్నా, షాపులోనే బిగించి నొక్కి చూడండి.

ఫ్లాష్ తల పైకీ పక్కకీ తిరగాలి. ఇది ముఖ్యం. తెల్లటి స్లాబుకేసి కొడితే పెళ్లికూతురి ముఖంపై వెలుగు మెత్తగా పడుతుంది. నేరుగా కొడితే నుదురు మెరుస్తుంది, వెనక గోడపై నల్లటి నీడ. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడేచోట పైకప్పు ఉండదు కదా, అక్కడ నేరుగానే, పవర్ తగ్గించి కొట్టండి.

రీచార్జ్ బ్యాటరీలకూ కొంత డబ్బు ఉంచుకోండి. షాపుకు మాత్రం మీ కెమెరా వెంట తీసుకెళ్లండి.