గర్భసంచి మనది, అడిగే హక్కూ మనదే

(పలమనేరులో జరిగిన ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడింది. రాసి పెట్టమని చాలామంది అడిగినారు, అందుకే ఇక్కడ పెడుతున్నా.)



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తండాల నుంచి, యానాది కాలనీల నుంచి, ఎరుకల ఇళ్ల నుంచి ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినారు. పట్టాల గురించో, కుల సర్టిఫికెట్ల గురించో మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఈ రోజు నేను గర్భసంచి గురించి మాట్లాడతా. మగవాళ్లు ఎవరూ లేచి బయటికి పోవద్దు. ఆసుపత్రిలో సంతకం పెట్టేది మీరు, అప్పు తెచ్చేది మీరు. మీరే ముందు వినాలి.

మా పెద్దమ్మకు జరిగింది చెప్తాను. చెప్పొచ్చా అని ఆమెను అడిగినా. "పేరు చెప్పొద్దు, జరిగింది చెప్పు" అనింది.

పెద్దమ్మ టమోటా తోటల్లో కూలికి పోతుంది. ముట్టు ఆగిపోయే వయసులో ఆమెకు తెల్లబట్ట ఎక్కువైంది, వాసన వచ్చేది. బుట్ట ఎత్తితే రక్తం కనపడేది. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. పాత చీర ముక్కలు పెట్టుకుని పనికి పోయింది. చివరికి ఊర్లోకి వచ్చే ఆర్ఎంపీకి చెప్తే కొన్నాళ్లు మాత్రలు ఇచ్చి, తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయినాడు. అక్కడ స్కానింగ్ తీసి, "గడ్డ ఉంది, గర్భసంచి తీసేయకపోతే కేన్సర్ అవుతుంది" అన్నారు. కేన్సర్ మాట వింటే ఇంక ఎవరు ఎదురు అడుగుతారు? ఆవును అమ్మినారు, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినారు, ఆపరేషన్ అయిపోయింది. తీసిన గర్భసంచిని ట్రేలో పెట్టి పెద్దనాన్నకు చూపించినారు. దాన్ని పరీక్షకు మాత్రం పంపలేదు.

ఎనిమిది నెలలకు మళ్లీ రక్తం. ఈసారి నేనే తిరుపతికి తీసుకుపోయినా. డాక్టరమ్మ మొదట అడిగింది ఒకటే: "ముక్క పరీక్ష రిపోర్టు ఏది?" మా దగ్గర బిల్లు ఉంది, మాత్రల చీటీ ఉంది, ఆ రిపోర్టు లేదు. కేన్సర్ గర్భసంచి ముఖద్వారంలో ముందు నుంచే ఉంది. కోసే ముందు ఒక్కసారి లోపల చూసుంటే తెలిసేది. డిగ్రీ చదివిన దాన్ని, మొదటి ఆపరేషన్ రోజు నేనూ ఆసుపత్రి వరండాలోనే ఉన్నా. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందుకే ఈ రోజు మాట్లాడుతున్నా.

ఇందులో రెండు జబ్బులు ఉన్నాయి. రెండిటినీ కలిపేసి మనల్ని భయపెడుతున్నారు.

మొదటిది గడ్డ. డాక్టర్లు ఫైబ్రాయిడ్ అంటారు. ఇది చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. దాదాపు అన్నీ కేన్సర్ కానివే. అలాంటి గడ్డ కేన్సర్ గడ్డగా తేలడం చాలా అరుదు. ఇబ్బంది లేకపోతే కోయక్కర్లేదు. ముట్టు ఆగిపోయాక చాలావరకు అవే చిన్నవవుతాయి. రక్తం ఎక్కువ పోతుంటే మాత్రలు ఉన్నాయి, లోపల అమర్చే మందు సాధనం ఉంది, గర్భసంచిని ఉంచి గడ్డ మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది. ఇవేవీ కుదరనప్పుడు గర్భసంచి తీయాల్సి రావచ్చు, అది నిజమైన వైద్యమే. తెల్లబట్టకు, నడుం నొప్పికి మాత్రం మొదటి వైద్యం అది కాదు.

రెండోది ముఖద్వారం కేన్సర్. దీనికి ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. శారీరక సంబంధం వల్ల వస్తుంది. పెళ్లయిన ఆడమనిషికి ఎవరికైనా, ఏ తప్పూ చేయకుండానే రావచ్చు. శాపం కాదు, చేతబడి కాదు. చాలామందిలో వైరస్ దానంతట అదే పోతుంది. కొందరిలో ఉండిపోయి, మామూలుగా పదేళ్ల పైన తీసుకుని కేన్సర్‌గా మారుతుంది. అంటే పట్టుకోవడానికి మనకు ఏళ్ల తరబడి సమయం ఉంది. అయినా 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1,27,000 మందికి ఈ కేన్సర్ వచ్చింది, సుమారు 80,000 మంది చనిపోయినారు.

ఎందుకు చనిపోతున్నారు? మందు లేక కాదు, ఆలస్యం వల్ల. అమెరికా లెక్కలు చూడండి. కేన్సర్ పుట్టిన చోటనే ఉన్నప్పుడు పట్టుకుంటే వందలో సుమారు 90 మంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక తెలిస్తే వందలో 20 మంది కూడా ఉండడం లేదు. జబ్బు ఒకటే, మందులు అవే. తేడా ఎప్పుడు తెలిసిందన్నదే.

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు వందకు 3 మంది దాకా ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో వందకు దాదాపు 9 మంది. అదే సర్వేలో 30 నుంచి 49 ఏళ్లవాళ్లలో ముఖద్వారం కేన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో వందకు ఇద్దరు కూడా లేరు. కోత ఊరి పక్కనే దొరుకుతుంది, పరీక్ష మాత్రం దొరకదు. మా పెద్దమ్మకు జరిగింది ఇదే.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే 35 ఏళ్లకే ముట్టు ఆగిపోయినట్టు. ఒళ్లంతా మంటలు, ఎముకలు బలహీనం. కూలి చేసే ఒళ్లు అది. ఇంకో ప్రమాదం, కేన్సర్ ఉందని తెలియకుండా మామూలు ఆపరేషన్ చేస్తే, చుట్టూ తీయాల్సిన భాగం మిగిలిపోతుంది. తర్వాత వైద్యం కష్టమవుతుంది. కాబట్టి పరీక్ష ముందు, కత్తి తర్వాత.

పరీక్ష ఏమంత పెద్దది కాదు. ముఖద్వారానికి పలచని ఆసిటిక్ యాసిడ్ రాసి, ఒక నిమిషం ఆగి చూస్తారు. తెల్ల మచ్చ కనపడితే అనుమానం. అప్పుడు చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపుతారు. కేన్సర్ కాకముందే దొరికితే ఆ మచ్చను అక్కడికక్కడే వేడితోనో చలితోనో కాల్చేయొచ్చు, గర్భసంచి పోదు. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ డాక్టర్లు 1998 నుంచి సుమారు 1,50,000 మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేసినారు. ఈ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ తీసుకున్న ఆడవాళ్లు. పరీక్షలు జరిగిన బస్తీల్లో ఈ కేన్సర్ చావులు 31 శాతం తగ్గినాయి. పదో తరగతి చదివిన ఆడపిల్లలు మన తండాల్లో లేరా? శిక్షణ ఇస్తే మనోళ్లు చేయలేరా?

కేన్సర్ అని తేలితే ఏం చేస్తారో కూడా తెలుసుకోండి. తెలియకపోతేనే భయం. మొదట్లోనే అయితే పెద్ద ఆపరేషన్. కొంచెం ముదిరితే ఆపరేషన్ కాదు, కరెంటు పెడతారు, అంటే రేడియేషన్. వారానికి ఐదు రోజులు, ఐదు వారాలు. దాంతో పాటు వారానికి ఒకసారి కీమో మందు ఎక్కిస్తారు. చివర్లో లోపల గొట్టం పెట్టి ఇచ్చే కరెంటు ఉంటుంది. ఇదంతా ఎనిమిది వారాల్లోపల పూర్తి కావాలి. మధ్యలో ఆపేస్తే జబ్బుకు బలం ఇచ్చినట్టే. "లోపలి కరెంటు వద్దులే" అని మానేసేవాళ్లు ఉన్నారు. అది లేకపోతే వైద్యం సగంలో ఆగినట్టే.

ముట్టు ఆగిన ఏడాది తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా పోయి చూపించుకోవాలి. అది గర్భసంచి లోపలి పొర కేన్సర్ కావచ్చు, తొందరగా చూస్తే అది బాగా నయమయ్యేది. అండాశయం కేన్సర్‌కు ముందుగా పట్టుకునే మంచి పరీక్ష లేదు. కడుపు ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోతే గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోవద్దు.

కరెంటు వైద్యానికి పలమనేరు నుంచి తిరుపతి వంద కిలోమీటర్ల పైన. అక్కడ స్విమ్స్ ఉంది, 2022లో అలిపిరి దగ్గర టాటా వాళ్ల కేన్సర్ ఆసుపత్రి మొదలైంది. అటు వేలూరు ఉంది. కుప్పం వైపువాళ్లకు బెంగుళూరు కిద్వాయి ఉంది. ఆసుపత్రులు లేక కాదు. ఐదు వారాలు అక్కడ ఎక్కడ పడుకోవాలి? తోడు వచ్చినవాళ్ల కూలి ఎవరు ఇస్తారు? ఇంట్లో పిల్లలకు అన్నం ఎవరు వండుతారు? పెద్దమ్మ రెండో వారంలోనే "ఇంటికి పోదాం, మేకలు ఏమయినాయో" అని ఏడ్చింది. మా అమ్మ, నేను, పిన్నమ్మ వంతులు వేసుకుని ఉన్నాం కాబట్టి పూర్తయింది. ఎవరూ లేనివాళ్లు మధ్యలో బస్సెక్కుతారు. దాన్ని డాక్టర్లు "రోగి రావడం మానేసింది" అని రాస్తారు. మానేయలేదు సార్, డబ్బులు అయిపోయినాయి.

ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లో కేన్సర్ వైద్యం ఉంది. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో పోయే ముందే 104కు ఫోన్ చేసి అడగండి. కార్డు లేదని, ఆధార్‌లో పేరు తప్పని వెనక్కి పంపితే ఆ రోజే మన యువతకు చెప్పండి. మనది ఐదో షెడ్యూల్ ప్రాంతం కాదు. పాడేరు, భద్రాచలంలో ఉన్నట్టు మన పేరు మీద ఆసుపత్రి ఇక్కడ ఉండదు. చెదిరి ఉన్నోళ్లం కాబట్టి కలిసి అడగాలి.

టీకా గురించి కూడా చెప్పాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది ఆడపిల్లలకు పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి హెచ్‌పీవీ టీకా వేసినారు. వాళ్లలో ఎంతోమంది హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. తర్వాత చూస్తే 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టి ఉన్నారు. పిల్లల అమ్మానాన్నలకు తెలియదు. కొందరు పిల్లలు చనిపోతే గొడవై 2010లో ఆపినారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అడగకుండా వేసినారన్నది తేలింది, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

నేను టీకాకు వ్యతిరేకం కాదు. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే ఈ టీకా ఇచ్చిన తరంలో ఈ కేన్సర్ 87 శాతం తగ్గింది. ఇప్పుడు మన దేశంలోనే సీరం కంపెనీ టీకా తయారవుతోంది. మన చెల్లెళ్లకు అందాలి. అందరికంటే ముందు అందాలి. అయితే అమ్మానాన్నలకు మన భాషలో చెప్పి, వాళ్ల సంతకంతో వేయాలి. ఆ రోజు అడగకపోవడం వల్లే ఈ రోజుకీ మనోళ్లు సూది అంటే అనుమానపడుతున్నారు.

అడగడం మన హక్కు అని సుప్రీంకోర్టే చెప్పింది. 2008లో సమీరా కోహ్లీ కేసు. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఆమెకు, బయట ఉన్న తల్లి సంతకంతో గర్భసంచి, అండాశయాలు తీసేసినారు. అది చెల్లదని, రోగి స్పృహలోకి వచ్చాక ఆమెనే అడిగి ఉండాల్సిందని కోర్టు చెప్పింది. ఏం చేస్తారో, ఎందుకో, వేరే దారులేమిటో, ప్రమాదమేమిటో వివరించాలని కూడా చెప్పింది. అన్నా, విన్నారు కదా? భార్య మెలకువగా ఉండగా, భర్త సంతకం ఆమె సంతకం కాదు. 2023లో ఇంకో కేసులో, అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్లను గమనించడానికి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. వాటి ప్రకారం జిల్లాలో కూడా ఒక కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా, ఎన్నిసార్లు కూర్చుంది? కలెక్టర్ గ్రీవెన్స్‌లో మనం పెట్టే మొదటి అర్జీ ఇదే.

రెండో అర్జీ, ప్రతి తండాకు, ప్రతి కాలనీకి ఏడాదికి ఒకసారి ముఖద్వారం పరీక్ష శిబిరం, ఆడ ఆరోగ్య సిబ్బందితో. మూడోది, కరెంటు వైద్యం జరిగే ఐదు వారాలు రోగికి, తోడుకు బస, తిండి, ప్రయాణం.

మన పని కూడా ఉంది. మన ఊర్లో 30 దాటిన ప్రతి ఆడమనిషిని ఒక్కసారైనా పరీక్షకు తీసుకుపోయే బాధ్యత ఊరికి ఇద్దరు తీసుకోవాలి. ఎవరైనా "గర్భసంచి తీసేయాలి" అంటే, సంతకం పెట్టే ముందు నాలుగు మాటలు అడగండి. లోపల చూసినారా, ముక్క పరీక్ష చేసినారా? తీయకుండా వేరే వైద్యం లేదా? ఇంకో డాక్టరుకు చూపించే దాకా ఆగొచ్చా? తీసిన దాన్ని ల్యాబుకు పంపుతారా, రిపోర్టు ఇస్తారా?

ఇవి ఫోన్‌లో రాసుకోండి. చదువు రాని అవ్వలకు నోటికి నేర్పించండి.

పెద్దమ్మ వైద్యం అయ్యి రెండేళ్లు దాటింది. మూడు నెలలకోసారి తిరుపతికి పోతున్నాం. మూత్రం మంట ఇంకా ఉంది, బరువు ఎత్తలేదు. అప్పు ఇంకా తీరలేదు. కానీ ఉంది. మొన్న తండాలో ఒక కోడలు తెల్లబట్ట అని చెప్తే, ఆర్ఎంపీ దగ్గరికి పోనీకుండా చేయి పట్టుకుని సర్కారు ఆసుపత్రికి తీసుకుపోయింది పెద్దమ్మే. డాక్టరమ్మ దగ్గర ఆమె అడిగిన మొదటి మాట, "లోపల చూస్తారా అమ్మా?"

ఆ మాట మనందరం అడుగుదాం. జోహార్.