ఆడుబిడ్డ భాగము
(పఠనమందిర సభలో గావించిన ఉపన్యాసము)



శాసనము చేయుట యొక పని. దానిని గ్రామమునకు చేర్చుట మరియొక పని. హిందూ కుటుంబములలో ఆడుబిడ్డల ఆస్తిహక్కును గూర్చి మొదటి పని చాలవరకు జరిగినది. రెండవది మన వంతున నిలిచియున్నది.

1937 నాటి శాసనము వితంతువునకు జీవితకాలపు హక్కును మాత్రమే యొసగెను. అదియు వ్యవసాయ భూములకు వర్తింపదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చెను. పల్లెలో ఆస్తి యనగా భూమియే గదా! 1956 నాటి వారసత్వ చట్టము స్త్రీకి సంపూర్ణ స్వామ్యము నిచ్చెను. ఉమ్మడి పిత్రార్జితమున కుమార్తెకును సమభాగమను సూత్రమును ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 నుండి అమలు జరిపెను. అంతకు పూర్వము పెండ్లియైనవారికి మాత్రము అది దక్కలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను. సవరణ నాటికి తండ్రి జీవించియుండకున్నను కుమార్తెకు ఈ హక్కు పుట్టుకతోనే కలుగునని 2020లో సుప్రీంకోర్టు స్థిరపరచెను.

ఇంతటి హక్కు పొలము గట్టు దాక ఏల చేరదు? న్యాయవాద వృత్తిలో నున్న మేము చూచుచున్నదే చెప్పెదము. అన్నదమ్ములు ఆడపడుచులను రిజిస్ట్రారు కచేరికి తోడ్కొని వత్తురు. హక్కు విడుదల దస్తావేజు ముందే సిద్ధమై యుండును. చదివి వినిపించు వాడుండడు. పుట్టినిల్లు దూరమగునను భయమున ఆమె వ్రేలిముద్ర వేయును. కట్నమిచ్చితిమి గదా యని సోదరుల సమాధానము. 1961 నుండి నిషిద్ధమైన కట్నమును న్యాయమైన భాగమునకు బదులుగా లెక్కించుట యెట్లు? ఆ సొమ్ము అత్తవారి చేతికి పోయినది గాని ఆమె చేతికి వచ్చినది కాదు.

ఇంటింట వ్యాజ్యెములు పెంపుడని మేము చెప్పుట లేదు. తెలిసి, ఇష్టపడి విడిచినచో అది దానము. తెలియక విడిచినచో అది నష్టము. ఈ తారతమ్యము చదువుకొన్న మనము ఎరుగవలదా? దస్తావేజును ఆమెకు చదివి వినిపింపుడు. ఆలోచించుకొనుటకు గడువిండు. భాగము పంచినచో పట్టాదారు పాసుపుస్తకమును ఆమె పేర చేయింపుడు. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టమున గలదని గ్రామ గ్రామమున చాటుడు.

పరుల యిండ్ల మాట తరువాత. మన చెల్లెండ్ర వ్రేలిముద్రలు గల దస్తావేజులు మన పెట్టెలలో నున్నవేమో, ముందుగా వానిని తీసి చదువుదము.