మాటలతో మనసు మారునా? — ఎన్.ఎల్.పి. శిక్షణల వెనుక నిజమెంత

(రైల్వే, తపాలా ఉద్యోగుల సంయుక్త కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాట్లాడిన మిత్రులు వేతనముల గురించి, ఖాళీ పోస్టుల గురించి వివరించారు. నాకు అప్పగించిన విషయము పేరు మాత్రము గూడ్సు బండి అంత పొడవున్నది. దాని పేరు న్యూరో లింగ్విస్టిక్ ప్రోగ్రామింగ్. క్లుప్తంగా ఎన్.ఎల్.పి. అంటారు. జీతభత్యాల సమస్యల నడుమ ఈ విషయమెందుకని మీలో కొందరు అనుకోవచ్చును. ఎందుకో ముందుగా ఒక అనుభవం ద్వారా మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సోదర ఉద్యోగిపై జరిగిన శాఖాపరమైన విచారణలో నేను ఆయనకు సహాయకుడుగా కూర్చున్నాను. లెక్కలో తేడా వచ్చిన ఒక రాత్రి గురించి ప్రశ్న వేశారు. ఆయన కొంచెంసేపు పైకి, కుడివైపుకు చూసి, ఆలోచించి జవాబు చెప్పాడు. విచారణ జరుపుతున్న అధికారి వెంటనే, “ఇతడు జ్ఞాపకం చేసుకొనుట లేదు, కల్పిస్తున్నాడు. కళ్ళే చెబుతున్నవి” అన్నారు. ఆ సంగతి ఎక్కడ నేర్చుకున్నారని వినయంగా అడిగితే, ఒక శిక్షణ తరగతిలో నేర్చుకున్నామన్నారు. ఆ వ్యాఖ్యను రికార్డులోకి ఎక్కించరాదని మేము పట్టుబట్టాము, ఎక్కలేదు. కాని ఆనాడు ఆ ఉద్యోగి ముఖంలో కనిపించిన భయం నేను మరువలేదు. తన కనుపాప ఏ వైపు తిరిగితే తన ఉద్యోగం పోతుందోనని భయపడి, మిగిలిన విచారణ అంతా ఆయన తల వంచుకొని కూర్చున్నాడు. ఈ విద్య సంగతేమిటో తెలుసుకొనవలెనని ఆనాడే నిశ్చయించుకున్నాను.

దీని పుట్టుక అమెరికాలో జరిగినది. 1970ల తొలి సంవత్సరాలలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాంతాక్రూజ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ బాండ్లర్ అనే విద్యార్థి, జాన్ గ్రిండర్ అనే భాషాశాస్త్ర అధ్యాపకుడు కలిసి పనిచేశారు. ఆ కాలంలో మానసిక చికిత్సలో పేరు మోసిన ఫ్రిట్జ్ పెర్ల్స్, వర్జీనియా సాటిర్, మిల్టన్ ఎరిక్సన్ అనువారి మాట తీరును వారు పరిశీలించారు. నేర్పరి చేసే పనిని గమనించి, విడదీసి, సూత్రాలుగా వ్రాస్తే ఎవరైనా దానిని నేర్వవచ్చునన్నది వారి ఆలోచన. 1975లో వారి తొలి గ్రంథం వెలువడినది. ఆలోచన చెడ్డది కాదు. మన లోకో షెడ్డులో కొత్తగా చేరిన కుర్రవాడు పాత మేస్త్రీ చేతులను చూసి పని నేర్చుకొనుట కూడా ఇటువంటిదే.

అయితే అక్కడితో వారు ఆగలేదు. ప్రతి మనిషికీ ఒక ముఖ్యమైన ఇంద్రియ మార్గం ఉంటుందనీ, కొందరు చూపు ద్వారా, కొందరు వినికిడి ద్వారా, మరికొందరు స్పర్శ ద్వారా ఆలోచిస్తారనీ అన్నారు. వారి మాటలను బట్టి, కనుల కదలికను బట్టి ఆ మార్గాన్ని కనిపెట్టి, అదే మార్గంలో మనమూ మాట్లాడితే వారి నమ్మకం సంపాదించవచ్చునన్నారు. కుడిచేతి వాటం మనిషి పైకి, తన ఎడమవైపుకు చూస్తే చూసినదానిని జ్ఞాపకం చేసుకొంటున్నట్లు, కుడివైపుకు చూస్తే ఊహించుకొంటున్నట్లు లెక్క కట్టారు. తరువాతి కాలపు శిక్షకులు దీనికి మరొక మెట్టు కలిపి, కుడివైపుకు చూసినవాడు అబద్ధమాడుతున్నాడని ప్రచారం చేశారు. ఏళ్ళ తరబడి పీడించిన భయాలు కొద్ది నిమిషాలలో పోతాయన్న వాగ్దానం కూడా ఈ తరగతులలో వినబడుతుంది.

మిత్రులారా, మనం పరీక్ష లేకుండా దేనినీ అంగీకరించని వృత్తులలో ఉన్నవాళ్ళం. బ్రేకులు పని చేస్తున్నవని ఎవరో చెప్పినంత మాత్రాన బండి కదలదు. పరీక్షించి, సంతకం పెట్టిన పిమ్మటనే కదులుతుంది. మరి ఈ విద్యకు అటువంటి పరీక్ష జరిగినదా? జరిగినది, అనేక పర్యాయాలు జరిగినది.

ఇంద్రియ మార్గాల సిద్ధాంతంపై జరిగిన 15 పరిశోధనలను క్రిస్టఫర్ షార్ప్‌లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1984లో సమీక్షించారు. మొత్తం 44 పరిశోధనలను లెక్కలోకి తీసుకొని 1987లో మరల సమీక్షించారు. ఆ సిద్ధాంతానికి తగిన ఆధారం రెండుసార్లూ దొరకలేదు. అమెరికా సైన్యం తన సిపాయిల సామర్థ్యాన్ని పెంచగల పద్ధతులేవో తేల్చమని ఆ దేశపు జాతీయ పరిశోధనా మండలిని కోరినది. ఆ సంఘం 1988లో ప్రచురించిన నివేదికలో, ఇతరులను ప్రభావితం చేయుటకు ఎన్.ఎల్.పి. పనికి వస్తుందనుటకు ఆధారం లేదని వ్రాసినది. ఆరోగ్య విషయాలలో దీని ఉపయోగంపై బ్రిటన్‌లో 2012లో ఒక సమీక్ష వెలువడినది. తగిన ప్రమాణాలకు నిలిచిన పరిశోధనలు వారికి పది మాత్రమే దొరికినవి. ఆ పదింటిలోనూ నమ్మదగిన ఫలితం స్వల్పం.

ఇక కళ్ళ సంగతి. రిచర్డ్ వైజ్‌మన్, ఆయన సహచరులు 2012లో మూడు ప్రయోగాలను ప్రచురించారు. మొదటి దానిలో నిజం చెప్పేవారి కళ్ళను, అబద్ధం చెప్పేవారి కళ్ళను ఫిల్ము తీసి లెక్కించారు. తేడా లేదు. రెండవ దానిలో కొందరికి ఈ కంటి సూత్రాన్ని ముందుగా నేర్పి, మరికొందరికి నేర్పకుండా, అబద్ధాలను పట్టమన్నారు. నేర్చినవారు నేర్వనివారికంటె మెరుగుగా పట్టలేదు. మూడవ దానిలో, తప్పిపోయిన బంధువుల కోసం పత్రికలవారి ముందు విలపించినవారి దృశ్యాలను పరీక్షించారు. వారిలో నిజం చెప్పినవారెవరో, అబద్ధమాడినవారెవరో తరువాతి కాలంలో తేలినది. అక్కడా కళ్ళు ఏమీ చెప్పలేదు. ఆ విచారణ గదిలో తల వంచుకొని కూర్చున్న సోదరునికి ఈ సంగతి చెప్పగలిగి ఉంటే ఎంత ధైర్యం కలిగేదో కదా!

“అయ్యా, నేను స్వయంగా ఆ తరగతికి వెళ్ళాను, నాకు మేలు జరిగినది” అని ఇక్కడ ఎవరైనా అనవచ్చును. ఆ మాటను నేను తీసిపారవేయను. నలుగురిలో కూర్చొని, ఒక మనిషి శ్రద్ధగా మన బాధ వింటే తేలికపడుట సహజం. మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా కొంత మేలు చేస్తుంది. మనం సాధారణంగా చాలా క్రుంగి ఉన్నప్పుడే ఇటువంటి చోటికి వెళతాము. వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ క్రుంగుబాటు కొంత తగ్గే రోజు వస్తుంది. వీటిలో ఏది ఎంతో తెలియవలెనంటే, ఆ విద్య పొందినవారిని పొందనివారితో పోల్చి చూడవలసినదే.

తరగతి నచ్చుట వేరు, పని చేయుట వేరు. దీనికి తపాలా ఉద్యోగుల చరిత్రలోనే చక్కని దృష్టాంతమున్నది. బ్రిటిష్ తపాలా శాఖ పోస్టుమన్‌లకు కీబోర్డు నేర్పదలచినప్పుడు, అలన్ బాడ్లీ, లాంగ్‌మన్ అనే పరిశోధకులు 72 మందిని నాలుగు జట్లుగా విభజించి నేర్పించారు. ఆ ఫలితాలు 1978లో ప్రచురితమైనవి. రోజుకు ఒక్క గంట నేర్చిన జట్టు సుమారు 35 గంటల అభ్యాసంలో అక్షరాల స్థానాలను నేర్చుకున్నది. రోజుకు రెండు గంటల చొప్పున రెండుసార్లు, అనగా నాలుగు గంటలు నేర్చిన జట్టుకు సుమారు 50 గంటలు పట్టినది. అయితే, తక్కువ గంటలలో నేర్చిన జట్టే తన శిక్షణ పట్ల అందరికంటె ఎక్కువ అసంతృప్తి చెందినది! కనుక, తరగతి ముగిసిన వెంటనే చప్పట్లు కొట్టించి, కాగితం మీద “బహు బాగున్నది” అని వ్రాయించుకొన్నంత మాత్రాన శిక్షణ ఫలించినట్లు కాదు.

మరొక దృష్టాంతము రైల్వేలది. సిగ్నలు కనబడగానే లోకో పైలట్, సహాయకుడు చేయి చూపి, దాని సూచనను బిగ్గరగా పలుకుతారు. జపాన్ రైల్వేలలో ఈ అలవాటు ఆవిరి ఇంజన్ల కాలం నుండి ఉన్నది. అక్కడి రైల్వే సాంకేతిక పరిశోధనా సంస్థ 1990లలో దీనిని ఒక సరళమైన పనిలో పరీక్షించినది. ఏమీ చేయకుండా పని చేసినప్పుడు నూటికి 2.38 తప్పులు దొర్లినవి. వేలు చూపి, పైకి పలికినప్పుడు ఆ సంఖ్య 0.38కి దిగినది. నాడులు, భాష, అలవాటు అనే మూడూ ఇందులోనూ ఉన్నవి. ఏ గొప్ప పేరూ లేదు, ధ్రువపత్రానికి రుసుమూ లేదు. కొలిచి చూస్తే ఫలితమున్నది. “మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు” అన్న సామెత ఏ విద్యకు తగునో, ఏ విద్యకు తగదో ఈ కొలత తేల్చుతుంది.

ఎన్.ఎల్.పి.లో తీసుకోదగినదేమీ లేదా? ఉన్నది. ఎవరైనా “సిబ్బంది పని చేయుట లేదు” అంటే, “ఏ సిబ్బంది? ఏ షిఫ్టులో? దేనితో పోల్చి?” అని తిరిగి అడగమని అది నేర్పుతుంది. ఇది మంచి అలవాటు. అయితే ఇది మన తర్కశాస్త్రం ఎరుగనిది కాదు, మంచి శాఖా కార్యదర్శి ప్రతి చర్చలోనూ చేసేది ఇదే. ఆ ప్రశ్నలనే ఈ శిక్షణలపై కూడా మనం వేయవలెను. ఏ పరిశోధన? ఎందరిపై? దేనితో పోల్చి?

మిత్రులారా, ఇందులో మనకు నష్టం మూడు విధాలుగా కలుగవచ్చును.

మొదటిది ధన నష్టం. పదవీ విరమణ సొమ్ములో నుండి వేలకు వేలు ఈ తరగతులకు పోసే ముందు పై మూడు ప్రశ్నలు అడగండి.

రెండవది ఆరోగ్య నష్టం. బండి కింద మనిషి పడిన దృశ్యాన్ని చూసిన లోకో పైలట్‌కు నెలల తరబడి నిద్ర పట్టకపోతే, అది రెండు రోజుల తరగతితో పోయేది కాదు. వైద్యుని వద్దకు వెళ్ళండి, సిగ్గుపడకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును.

మూడవది న్యాయ నష్టం. ముగ్గురు చేయవలసిన కౌంటరు పనిని ఒక్కరు చేస్తున్నప్పుడు, వరుసగా రాత్రి డ్యూటీలు పడినప్పుడు, కలిగే అలసటకు కారణం మనసు “ప్రోగ్రామ్” సరిగా లేకపోవుట కాదు. మనుషులు చాలకపోవుట. ఆలోచన మార్చుకొమ్మని చెప్పి పోస్టులు నింపకుండుట వైద్యం కాదు. ఇక విచారణలలో, 1968 నాటి రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలైనా, తపాలా ఉద్యోగులకు వర్తించే 1965 నాటి నియమాలైనా, అభియోగం పత్రాలతో, సాక్షులతో నిలవవలెనని చెబుతున్నవి. సాక్షిని ఎదురు ప్రశ్నించే హక్కు, సహాయకుని వెంట తెచ్చుకొనే హక్కు మనకు ఉన్నవి. కనుపాప కదలిక పత్రమూ కాదు, సాక్ష్యమూ కాదు. అటువంటి వ్యాఖ్య ఎవరైనా చేస్తే మర్యాదగా, కాని గట్టిగా, వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి.

ఆనాటి సోదరునిపై మోపిన అభియోగం చివరకు లెడ్జరు తెరిచి చూస్తే తేలిపోయినది. తేడా ముందు షిఫ్టులోని కూడికలో దొరికినది. ఆయన కళ్ళలో ఏమి వెతికినా అది దొరికేది కాదు.