కెరటాలు లేని చోటు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న మాస్టార్లకి, టీచర్లకి, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలకి, కింద కూర్చుని "వీడు మళ్లీ సముద్రం గురించే మొదలెడతాడు" అనుకుంటున్న మా 1989 బ్యాచ్ వాళ్లకి నమస్కారం. మీరనుకున్నది నిజమే. నాకిచ్చిన అంశం "మన ఊరు, మన జ్ఞాపకాలు". మన భీమిలి డచ్చివాళ్ల సమాధుల గురించి, పావురాళ్లకొండ గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. నేను నీళ్ల గురించే చెబుతాను.

సముద్రం పక్కనే పుట్టాం. కానీ మనలో చాలామందికి సముద్రమంటే ఇసకలో కూర్చుని ముంత మిక్చర్ తినడం, మాఘ పౌర్ణమికి పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని మూడు మునకలెయ్యడం. అంతే. మా క్లాసులో ఈత వచ్చినవాళ్లు జాలరిపేట నుంచి వచ్చే నలుగురే. మేం వాళ్లకి లెక్కలు చెప్పాం గాని, వాళ్లని ఈత నేర్పమని ఎప్పుడూ అడగలేదు.

1988 ఆగస్టు 15. జెండా ఎగరేశారు, చాక్లెట్లు పంచారు. ముగ్గురం యూనిఫారాలతోనే బీచికి పోయాం. ఆగస్టులో మన సముద్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు. అటూ ఇటూ కెరటాలు మనిషెత్తున విరుగుతున్నాయి. మధ్యలో మాత్రం ఒక బస్సు పొడవంత మేర నీళ్లు చదునుగా, ప్రశాంతంగా ఉన్నాయి. "ఇక్కడ కెరటాల్లేవురా, ఇక్కడ దిగుదాం" అన్నది నేనే.

మా వాడు ముందు దిగాడు. నడుం లోతుకెళ్లాడు. మేం చొక్కాలు విప్పి చూసేసరికి వాడి తల ఒక్కటే, చాలా దూరంలో కనిపించింది. వాడు ఒడ్డువైపే చేతులు కొడుతున్నాడు, దూరమే అవుతున్నాడు. నేను ఒడ్డున నిలబడి "ఇటు రా, ఇటు రా" అని అరుస్తూనే ఉన్నాను. అది వాడికి చెప్పకూడని మాటని ఇప్పుడు తెలుసు.

వేట ముగించుకుని వస్తున్న ఒక తెప్ప వాడి దగ్గరికి మళ్లింది. పెద్దాయన వాణ్ణి దుంగల మీదికి లాగి, వెనక నుంచి పెద్ద కెరటం వచ్చేదాకా ఆగి, దాని మీద ఎక్కించి తెప్పని నేరుగా ఇసకలోకి తెచ్చేశాడు. మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు. తాళ్లు విప్పి దుంగలు ఆరబెట్టుకుంటూ, "అక్కడ దిగకూడదు బాబూ, అది దారి" అన్నాడు. ఏం దారో మాకు అర్థం కాలేదు. అడగలేదు కూడా.

మర్నాడు ప్రేయర్లో నిలబెట్టి తలా రెండు తగిలించారు. తగిలించినవారు ఈ వేదిక మీదే ఉన్నారు. చాలా పొదుపుగా కొట్టారు మాస్టారూ, ధన్యవాదాలు. ఆ రోజు నుంచి యూనిఫారంతో బీచికి వెళ్లకూడదని రూలొచ్చింది. ఆ రూలుకి కారణం ఎవరని మా తరవాతి బ్యాచ్‌లు అడుగుతుండేవట. నేనే.

నలభై ఏడేళ్ల వయసులో, బీపీ మాత్రలు మొదలయ్యాక, రుషికొండలో సర్ఫింగ్ నేర్చుకోవడానికి వెళ్లాను. నేర్పే కుర్రాడు మత్స్యకారుల పిల్లాడే, మా అబ్బాయి ఈడు. మొదటిరోజు నన్ను నీళ్లలోకి దింపలేదు. అరగంట ఇసకలో కూర్చోబెట్టి సముద్రాన్ని చూడమన్నాడు. తరవాత, "సార్, లోపలికెళ్లే దారేదో చూపించండి" అన్నాడు. ఆ మాట వినేసరికి నాకు ఒళ్లు జలదరించింది.

సంగతి ఇది. కెరటాలు విరిగి ఒడ్డుకి తోసిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. అడుగున ఇసక దిబ్బల మధ్య ఎక్కడ లోతుందో అక్కడ పాయలా చేరి జోరుగా పోతుంది. లోతెక్కువ కాబట్టి అక్కడ కెరటం విరగదు. అందుకే పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. నీళ్ల రంగు కాస్త ముదురుగా ఉండొచ్చు, నురగ లోపలికి కదులుతుండొచ్చు. జోరుగా ఉన్నప్పుడు సెకనుకి రెండు మీటర్ల దాకా లాగుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అయితే అది మనిషిని అడుక్కి లాగదు, దూరంగా తీసుకెళుతుంది. ఎదురీది అలిసిపోయినవాళ్లే మునిగిపోతారు. తేలుతూ ఉండి, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరిగే చోటికి చేరితే అవే ఒడ్డుకి తోస్తాయి. చెయ్యెత్తి సాయం కోసం పిలవాలి. చేపలవేటకి వెళ్లేవాళ్లకీ, సర్ఫింగ్ చేసేవాళ్లకీ అదే పాయ లోపలికెళ్లే దారి. మేం దాన్ని ఆడుకునే చోటనుకున్నాం.

ఇక సర్ఫింగ్ సుఖం గురించి చెప్పకపోతే అన్యాయం. నేర్చుకునేవాళ్లకిచ్చే బోర్డు మెత్తగా, ఎనిమిది తొమ్మిది అడుగుల పొడవుంటుంది. దాని మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. కెరటం వెనక నుంచి ఎత్తగానే లేచి నిలబడాలి. కాళ్లవైపు చూశారా, పడ్డారే. వెళ్లే వైపు చూడాలి. నేను రెండు నెలలు ఉప్పునీళ్లే తాగాను. మూడో నెలలో ఒకరోజు నిలబడ్డాను, మహా అయితే నాలుగు సెకన్లు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు గాని రోజంతా నాలో నేనే నవ్వుకున్నాను. జనవరి నుంచి మార్చి దాకా మన దగ్గర కెరటాలు చిన్నవి, నేర్చుకునేవాళ్లకి అదే అదను.

హవాయి నుంచి వచ్చిన ఆటంటారు, నిజమే. టోక్యో ఒలింపిక్స్‌లో కూడా చేర్చారు. కానీ కెరటాన్ని వాటంగా పట్టి దాని మీద ఒడ్డుకి రావడం మన తెప్పలవాళ్లకి ఎవరో నేర్పాలా? చెన్నై దగ్గర కోవళంలో మూర్తి మేగవన్ అనే మత్స్యకారుడు ఊరి పిల్లలకి సర్ఫింగ్ నేర్పి, ఆ ఊరికే పేరు తెచ్చాడు. మన ఊళ్లోనేమో ఫైబర్ పడవలొచ్చాక తెప్పలే అరుదైపోయాయి.

సంఘం స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కట్టాలనుకుంటోంది. వద్దనను, ఫొటోల్లో బాగుంటుంది. కానీ అందులో కొంత తీసి, ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకి ఈత నేర్పిద్దాం. జాలరిపేట పెద్దవాళ్లలో ఒకరికి గౌరవంగా జీతమిచ్చి, ఒడ్డున కూర్చోబెట్టి నీళ్లు చదవడం చెప్పిద్దాం. "వెళ్లొద్దు" అని మాకూ చెప్పారు. మేం వెళ్లాం. ఇప్పటి పిల్లలూ వెళతారు. ఏటా ఆదివారం సాయంత్రాలు మన తీరంలో ఏం జరుగుతోందో పేపర్లో మీరూ చదువుతూనే ఉన్నారు.

ఆ రోజు తెప్ప మీద వచ్చినవాడు మూడో వరసలో కూర్చున్నాడు. వాడినడిగే ఇదంతా చెబుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా వాడు సముద్రంలో కాలు పెట్టలేదు. నేను సర్ఫింగ్‌కి వెళ్లినప్పుడల్లా వచ్చి, నా చెప్పులకి కాపలాగా ఇసకలో కూర్చుంటాడు. పోయిన నెల మోకాళ్ల లోతుకొచ్చి, నా బోర్డు అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

రేపు ఆదివారం. పొద్దున్న ఆరింటికి లైట్‌హౌస్ ఎదురుగా ఉంటాం. నీళ్లలోకి దిగక్కర్లేదు, దారేదో చూపిస్తాను. మాస్టారూ, మీరు కూడా రావాలి. ఫ్లాస్కులో టీ వాడు తెస్తాడు.