‘ఎందుకు కట్టలేదు?’ అని అడిగినాం
(సత్యవేడు మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ఇందాకే చదివి వినిపించారు. మేము చెప్పబోయేది ఆ లెక్కల్లో కనిపించని సంగతి.

పోయినేడాది మా సంఘంలో ఒక చెల్లెలు వరసగా మూడు కంతులు కట్టలేదు. మూడో నెల మేమంతా కలిసి వాళ్లింటికి పోయినాం. వాకిట్లో నిలబడి, “ఎందుకు కట్టలేదు?” అని అడిగినాం. నిజం చెప్పాలంటే అది అడగడం కాదు, గద్దించడం. ఆమె కట్టకపోతే మా అందరికీ బ్యాంకు లింకేజీ ఆగిపోతుందని భయం. ఇరుగుపొరుగు చూస్తా ఉన్నారు. ఆమె నోరు విప్పలేదు. ఆ తర్వాత సమావేశానికి రావడం మానేసింది. నీళ్లకు కూడా పొద్దు గుంకినాకే బయటికి వచ్చేది.

మా సంఘంలో వేలిముద్ర వేసే పెద్దమ్మ ఒకామె ఉంది. ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే పోయి, చెనిక్కాయలు ఒలుస్తా కూచుని, “ఏమ్మే, అంతా కలిపి ఎంతమందికి కట్టాల నువ్వు?” అని అడిగిందంట. అప్పుడు బయటపడింది. మా సంఘం అప్పు కాకుండా ఇంకో మూడు ఉన్నాయి. రెండు వారం కంతులు, ఒకటి ఫోన్‌లో యాప్ అప్పు. మా దగ్గర తీసుకున్న డబ్బు ఆమె చేతిలో ఒక్క రాత్రి కూడా నిలవలేదు. సంతకం ఆమెది, ఖర్చు ఇంకొకరిది. “రేపటికి ఎవరి దగ్గర తెచ్చి కట్టేది?” రోజూ ఆమె తనను తాను అడుక్కున్నది ఇదొక్కటే. దానికి దొరికే జవాబు ఎప్పుడూ ఇంకో అప్పే కదా!

అప్పు ఇచ్చేవాళ్లు ఊళ్లోకి వస్తే మనం అడిగేది “ఎంతిస్తారు?” అని. పదివేలు అంటారు. ముందే వెయ్యి పట్టుకుని తొమ్మిదివేలు చేతిలో పెడతారు. వారానికి వెయ్యి లెక్కన పది వారాలు కట్టాలి. ‘వెయ్యే కదా పోయింది’ అనుకుంటాం. కానీ మొదటి వారం నుంచే అసలు తిరిగి పోతా ఉంటుంది, తొమ్మిదివేలూ పది వారాలు మన దగ్గర ఉండవు. మా బుక్‌కీపరు లెక్క వేస్తే నెలకు నూటికి ఎనిమిది రూపాయలు దాటింది. సంఘంలో రెండు రూపాయల వడ్డీకే గొంతు చించుకునే మేము, అక్కడ నోరు మెదపలేదు.

నెల్లూరు సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1990 తర్వాత ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు, చదువుకునే ఆడవాళ్ల పుస్తకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అని ఒక పాఠం ఉండింది. అంతవరకూ ‘నా తలరాత ఎందుకిట్లుంది?’ అని ఎవరింట్లో వాళ్లు ఏడ్చుకున్నవాళ్లు, ‘సారా మన ఊళ్లోకి ఎందుకు రావాల?’ అని కలిసి అడగడం మొదలుపెట్టారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోసమ్మ ముందు నిలబడ్డారు. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు, అదీ చెప్పుకోవాల. తాగుడు పోయిందా అంటే మీకే తెలుసు. కానీ సారా ఆగిన ఆ జిల్లాలోనే ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు వచ్చాయి. రోజుకు ఒక్క రూపాయి దాచినారు. ఈ రోజు మనం దాచేదానికి దారి చూపించిన వాళ్లలో వాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మా సంఘంలో అప్పు రాసే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాం. ఈ డబ్బు ఎవరి చేతికి పోతుంది? ఇంకెక్కడెక్కడ కడుతున్నావు? అక్కడ చేతికి వచ్చింది ఎంత, మొత్తం కట్టేది ఎంత? మొదటి నెల ఎవరూ నోరు తెరవలేదు. చివరికి మా లీడరే తన వారం కంతు సంగతి చెప్పింది. ఆ వెనక ఒక్కొక్కరే చెప్పినారు. పదిమందిలో ఏడుగురికి బయటి అప్పులున్నాయి. ఆ వాకిట్లో గొంతెత్తిన వాళ్లమే మేము!

మా ఇళ్లలో కొందరు ఆడబిడ్డలు శ్రీసిటీ బస్సెక్కి కంపెనీ పనికి పోతారు. నెల కాగానే “జీతం పడిందా?” అని అడుగుతాం. ఆ జీతంలో ఎంత మా కంతులకు పోతా ఉందో కూడా ఆ రోజే మొదటిసారి లెక్క చూసుకున్నాం. ఆ బిడ్డలకు చెప్పడానికి ఇంకా ధైర్యం రాలేదు.

ఆ చెల్లెలికి సంఘం పొదుపు నుంచి అంతర్గత అప్పు ఇచ్చి, ఒక వారం కంతు తీర్పించినాం. ఇంకొకటి నడుస్తా ఉంది. యాప్ వాళ్ల ఫోన్లు ఆగలేదు. ఫోన్ వస్తే ఇప్పుడు ఆమె ఒక్కతే తీయదు, మాలో ఎవరో ఒకరు పక్కన ఉంటాం. సమావేశానికి వస్తా ఉంది.

‘ఎవరి చేతికి పోతుంది?’ అనే ప్రశ్నకు మా మినిట్స్ పుస్తకంలో నాలుగు పేర్ల ఎదురుగా ఇంకా ఖాళీగానే ఉంది. ఈ మాటలు మీకు చెప్తున్న మాలో ఇద్దరి పేర్లూ అందులో ఉన్నాయి. వచ్చే నెల సమావేశానికి చుట్టుపక్కల సంఘాల వాళ్లు రావచ్చు. మీ పాస్‌పుస్తకాలతో పాటు వారం కంతుల కార్డులు కూడా తీసుకురండి.