ఆఱవ తరగతిలో అడుగిడు డిస్లెక్సియా బిడ్డ

బుద్ధి చురుకైనదయ్యు, అక్షరములను ధ్వనులతో కూర్చుకొనుటయందు తడబడు బిడ్డకు ఆఱవ తరగతి కఠినమైన మలుపు. విషయమున కొక యుపాధ్యాయుఁడు, పొడవైన పాఠములు, మన ప్రభుత్వ పాఠశాలలలో క్రొత్తగా హిందీ అక్షరములు, ఇవన్నియు నొక్కసారిగా మీఁదఁ బడును. డిస్లెక్సియా యను ఆ తడబాటు సోమరితనము కాదు. మరలఁ జెప్పుచున్నాను, సోమరితనము కాదు. కావున బడి తెఱచిన తొలివారముననే తల్లిదండ్రులు ప్రతి యుపాధ్యాయునిఁ గలిసి, బిడ్డచేత తరగతిలో హఠాత్తుగా బిగ్గరగాఁ జదివింపవలదని కోరవలెను. పదుగురి యెదుటి సిగ్గు చదువుపై నాసనే చంపివేయును. ఇంటిలో పాఠమును మీరు చదివి వినిపింపుఁడు. బిడ్డ నోటితో అప్పజెప్పినచో దానినిఁ జదువుగానే యెంచుఁడు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము డిస్లెక్సియాను గుర్తించినది. దానిని నిర్ధారించు ధ్రువపత్రమున్నచో పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుఁడు లభింపవచ్చును. దానికై పదవ తరగతి వఱకు వేచియుండక, ఈ యేడే ప్రధానోపాధ్యాయునితో మాటాడుఁడు.